వృద్ధాశ్రమానికి విద్యార్థులను తీసుకెళ్లే ముందు

అనంతపురంలోని వృద్ధాశ్రమానికి విద్యార్థులను తీసుకెళ్లదలచిన ఉపాధ్యాయులు ముందుగా నిర్వాహకుల అనుమతి పొంది, మధ్యాహ్న విశ్రాంతికి భంగం కలగని వేళను వారినే అడిగి నిర్ణయించుకోవాలి. వేసవిలోనైతే ఉదయం పూటే మేలు. జలుబు, దగ్గు, జ్వరం ఉన్న విద్యార్థి ఎంత ఉత్సాహపడినా ఆ రోజు రాకూడదు, ఎందుకంటే పిల్లలకు కొద్ది రోజుల్లో తగ్గిపోయే ఫ్లూ వృద్ధులలో న్యుమోనియాకు దారితీయవచ్చు.

మధుమేహం ఉన్నవారు, గట్టి పదార్థం నమలలేనివారు ఉంటారు కనుక ఓళిగలు, వేరుశనగ ఉండలు నేరుగా చేతికివ్వకుండా ముందు సిబ్బందికి చూపించాలి.

వినికిడి తగ్గినవారికి ముఖం కనిపించేలా ఎదురుగా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడాలి. “అవ్వా, మీ పిల్లలు ఎందుకు రారు?” అని ఎవరూ అడగకూడదని బయలుదేరకముందే గట్టిగా చెప్పాలి, ఆ ప్రశ్న ఎంత బాధిస్తుందో పిల్లలకు తెలియదు. అనుమతి లేనిదే ఫోటోలు తీయరాదు. తేదీ ఖాయం కానిదే మళ్లీ వస్తామని మాట ఇవ్వరాదు.