వాడిపోతున్న జూనిపర్ బోన్సాయ్‌ని బతికించుకోవాలంటే

జూనిపర్ సన్నటి ఆకులుండే సతతహరిత చెట్టు, దాన్ని కుండీలో పొట్టిగా పెంచితే బోన్సాయ్. ఇది ఇంటి లోపల పెంచే మొక్క కాదు. బెంగళూరు ఫ్లాట్లలో దాన్ని టీవీ పక్కన పెట్టి చంపుకుంటున్నాం. ముందు బాల్కనీలోకి మార్చండి. మొదటి వారం పొద్దుటి ఎండ చాలు, తర్వాత రోజుకు 4–6 గంటలు పడాలి.

కొమ్మ బెరడును గోటితో కాస్త గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఆకు రంగును మాత్రం నమ్మొద్దు: వేళ్లు చచ్చాక కూడా జూనిపర్ కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది.

నీళ్లకు రోజుల లెక్క పెట్టుకోకండి. టూత్‌పిక్‌ను కుండీ మట్టిలో 2 సెంటీమీటర్ల లోతు గుచ్చి, 10 నిమిషాలాగి తీయండి. పుల్ల తడిసి నల్లబడితే ఆగండి. పొడిగా వస్తే అడుగు కన్నాల్లోంచి కారేదాకా పోయండి. వానాకాలంలో కుండీ కింద పళ్లెం తీసేయండి, నిలిచిన నీటికే వేళ్లు కుళ్లుతాయి.

ఆకులు దుమ్ము పట్టినట్టు బూడిదరంగుకు తిరిగితే కింద తెల్లకాగితం పట్టి కొమ్మను తట్టండి. సన్నటి చుక్కలు కదిలితే అది ఎర్రనల్లి, ఆకుల రసం పీల్చే పురుగు. ఆకుల అడుగుభాగం తడిసేలా పైపు ధారతో కడగండి, 3 రోజులకోసారి, 2 వారాలపాటు.

కొత్త చిగుళ్లు కనిపించేదాకా ఎరువు, కత్తిరింపు, వైరింగ్ (ఆకారం కోసం కొమ్మలకు తీగ చుట్టడం) జోలికి పోవద్దు. పూర్తిగా ఎండి గోధుమరంగైన కొమ్మ మళ్లీ చిగురించదు, దాన్ని మాత్రం తీసేయొచ్చు.