ఫామ్‌హౌస్ చెరువు కట్టలో కనిపించే సమస్యలు, వాటి పరిష్కారాలు

పడవ తిప్పుకోవడానికో, ఆదివారం గాలం వేసుకోవడానికో గుంటూరు, మంగళగిరి పరిసరాల్లో సొంత తోటలో మట్టికట్ట పోసి చిన్న చెరువు నిలుపుకున్న యజమానుల కోసం ఇది రాస్తున్నాను. 2021 నాటి కేంద్ర ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన కట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల ఎత్తుండి కొన్ని షరతుల కిందికి వచ్చేవాటికీ వర్తిస్తుంది. మూడు నాలుగు మీటర్ల కట్ట దాని పరిధిలోకి రాదు కనుక దాని మంచిచెడులు చూసుకోవలసింది యజమానే.

కట్ట వెలుపల తడి, ఊట

వెలుపలి వాలు అడుగున మే నెలలో కూడా తుంగ పచ్చగా ఉండి, కాలు పెడితే నేల దిగబడుతుంటే అక్కడ ఊట ఉన్నట్టు. మట్టికట్ట ఏదైనా కొంత ఊరక తప్పదు కాబట్టి తడి చూసి బెదరనక్కర్లేదు. చూడవలసింది నీటి రంగు. తేటగా వస్తుంటే చిన్న కాలువ తీసి ఒకచోటికి చేర్చి, పది లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతోందో వారానికొకసారి, చెరువు నీటిమట్టంతో పాటు రాసి పెట్టుకోవాలి. చెరువు మట్టం పెరగకుండానే బకెట్ ముందుకంటే త్వరగా నిండుతుంటే లోపల నీటిదారి వెడల్పవుతోందని అర్థం. అప్పుడు ఆ చోట మొదట ముతక ఇసుక, దానిమీద చిన్న కంకర, ఆపైన పెద్ద కంకర వరుసగా పరవాలి. ఇసుక మట్టిని పట్టి ఉంచి నీటిని మాత్రం పోనిస్తుంది. చాలామంది దీనికి బదులు బంకమట్టి తెచ్చి ఆ చెమ్మ మీద మెత్తుతారు. నేను చూసిన పొరపాట్లలో ఇంత మంచి ఉద్దేశంతో ఇంత నష్టం చేసేది మరొకటి లేదు, ఎందుకంటే బయట మూసిన నీరు కట్టను లోపలినుంచి నానబెట్టి ఇంకోచోట తన్నుకొస్తుంది.

నీరు మట్టి రంగులో వస్తుంటే బుంగ, అంటే కట్ట లోపల నీరు తొలిచిన రంధ్రం, పడినట్టే; గండి పడడానికి కొన్ని గంటలు కూడా పట్టకపోవచ్చు. ముందుగా దిగువ పొలాల్లోనూ ఇళ్లలోనూ ఉన్నవారికి కబురు చేసి, తూము తెరిచి నీరు దించడం మొదలుపెట్టాలి. కట్ట మీద నిలబడడం క్షేమమైనంతసేపు బుంగ చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, ఆ వలయంలో నీరు నిలవనివ్వాలి. నిలిచిన నీటి బరువుకు వేగం తగ్గి, మట్టి కొట్టుకురావడం ఆగుతుంది. నీరు తేటపడగానే పేర్చడం ఆపాలి, నోరు పూర్తిగా మూయకూడదు. చెరువు లోపలి వైపు సుడి కనిపిస్తే ఎవరూ నీళ్లలోకి దిగకూడదు.

తూము గొట్టం పక్కనుంచి నీరు

తూము మూసి ఉన్నా గొట్టం చివర నీరు కారుతుంటే లోపం తలుపుదో గొట్టం అతుకులదో అయి ఉంటుంది. గొట్టం చుట్టూ మట్టిలోంచి కారుతుంటే మాత్రం, గొట్టం అడుగున, పక్కల మట్టిని సరిగా దిమ్మిస కొట్టలేదని అర్థం. పైపైన సిమెంటు పూతలు దీనికి పనికిరావు. చెరువు ఖాళీ చేసి, వెలుపలి కొస దగ్గర గొట్టం చుట్టూ ఇసుక, కంకర పొరలు అమర్చడం ఇంజనీరు పర్యవేక్షణలో జరగాలి.

నెర్రెలు, జారుడు

మన నల్లరేగడి తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిస్తుంది కనుక వేసవిలో కట్ట మీద సన్నని నెర్రెలు మామూలే. అయితే కట్టకు అడ్డంగా, నీటి వైపునుంచి వెలుపలికి పోయే నెర్రె మొదటి వానకే నీటికి దారి ఇస్తుంది. అది ఎంత లోతు పోయిందో తెలియాలంటే సున్నపు నీళ్లు పోసి తవ్వితే తెల్లని జాడ చూపిస్తుంది. జాడ ముగిసిన చోటికి మరో అడుగు లోతు తవ్వి, తడిపిన మట్టిని అర అడుగు పొరలుగా దిమ్మిస కొడుతూ నింపాలి. పైన ఒక అడుగు గ్రావెల్ పరిస్తే కింది రేగడి మళ్లీ అంతగా ఎండదు. కట్ట పొడవునా విల్లులా వంగిన నెర్రె కనిపించి, దాని కింద వాలు ఉబ్బి ఉంటే అది జారుడు. దాన్ని పూడ్చి ఊరుకోకూడదు. నీరు దించాలి కానీ రోజుకు ఒక అడుగుకు మించకుండా. ఒక్కసారిగా ఖాళీ చేస్తే నీటి వైపు వాలు కూడా తడిబరువుతో జారవచ్చు.

పందికొక్కుల బొరియలనూ నెర్రెల మాదిరే తవ్వి నింపాలి. తుమ్మ మొక్కలను మొక్కగా ఉన్నప్పుడే పీకాలి, ఎందుకంటే పెద్ద చెట్టు నరికితే లోపల కుళ్లిన వేరు బుంగకు దారి అవుతుంది.

అలుగు

మట్టికట్టలు తెగడానికి పెద్ద కారణం నీరు కట్ట మీదుగా పొర్లడం, అందుకు పెద్ద కారణం అలుగు, అంటే నిండిన చెరువులోని మిగులు నీరు బయటికి పోయే దారి, చాలకపోవడం. వినోదపు చెరువుల్లో ఇది చేజేతులా తెచ్చుకునే ముప్పు: చేపలు పోతాయని అలుగుకు వల కడతారు, పడవ ఆనకుండా తేలాలని అలుగు మీద బస్తాలో పలకలో వేసి మట్టం పెంచుతారు. కొట్టుకొచ్చిన చెత్త వలలో చిక్కి, అర్ధరాత్రి వానకు అలుగు మూసుకుపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లకు విజయవాడ సింగ్‌నగర్ మునిగిన నాటి వాన గుర్తున్నవారికి, ఏటా వచ్చే వానను బట్టి అలుగు వెడల్పు నిర్ణయించరాదని చెప్పనక్కర్లేదు. వల, బస్తాలు తీసివేయాలి. అలుగు కట్ట చివర గట్టి నేల మీద, రాతి పేర్పుతో ఉండాలి. అలుగు నిండుగా పారే వేళ కూడా కట్ట పైఅంచుకు నీటికి మధ్య కనీసం మూడడుగుల ఎడం మిగలాలి. ట్రాక్టరు చక్రాల గాడి పడిన చోటే నీరు ముందుగా పొర్లుతుంది కాబట్టి, మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో కట్ట పైభాగం మట్టం చూసి పల్లాలు పూడ్చుకోవాలి.

ఈ పనులు మే నెలాఖరుకు ముగించి, అక్టోబరు తుపాన్లకు ముందు అలుగు మరోసారి చూసి, దిగువవారి ఫోన్ నంబర్లు మోటారు షెడ్డు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించి, రాత్రి కాపలా ఉండే మనిషికి తూము తిప్పడం నేర్పాలి.