హైదరాబాద్‌లో ఉండి అమెరికా ఎన్నికల్లో ఓటేయడం ఎలా

మా కొండాపూర్ అపార్ట్‌మెంట్‌లోనే బ్లూ పాస్‌పోర్ట్, అంటే అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్ళం ఆరేడు కుటుంబాలం ఉన్నాం, అందరి దగ్గరా ఓసీఐ కార్డులే (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చేవి), అమ్మానాన్నల కోసం వచ్చేసినవాళ్ళు కొందరు, ఆఫీసు పంపిస్తే వచ్చినవాళ్ళు కొందరు. అక్కడ ఎలక్షన్లు దగ్గరపడితే చాలు లిఫ్టులో ఒకటే ప్రశ్న, "ఈసారి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి వెళ్ళి ఓటేసి రావచ్చంట కదా?" రాలేం అండి. అక్కడ బూత్ ఉండదు, మన పేరున్న లిస్టు కూడా ఉండదు. మన ఎలక్షన్ కమిషన్‌లా దేశం మొత్తానికి ఓటర్ల జాబితా చూసే ఆఫీసు అమెరికాలో లేదు, మీరు చివరగా కాపురమున్న కౌంటీలో (మన జిల్లా లాంటిది), కొన్ని రాష్ట్రాల్లో అయితే ఆ ఊళ్ళో, ఉండే ఎలక్షన్ ఆఫీసే మీకు దిక్కు.

తర్వాతి పెద్ద ఎన్నిక 2026 నవంబర్ 3న, మిడ్‌టర్మ్, అంటే ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో వచ్చేది. అక్కడి పార్లమెంటులో దిగువ సభ హౌస్‌లో 435 సీట్లకీ, ఎగువ సభ సెనేట్‌లో సుమారు మూడో వంతుకీ.

కావాల్సిన ఫారం ఒక్కటే, ఎఫ్‌పీసీఏ, అంటే ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్. ఓటరుగా పేరు ఎక్కించుకోవడానికీ, బ్యాలెట్ ఇక్కడికి పంపమని అడగడానికీ రెండిటికీ ఇదే పనికొస్తుంది. ఎఫ్‌వీఏపీ డాట్ గవ్ అనే సైట్‌లో దొరుకుతుంది, అది అక్కడి రక్షణ శాఖ నడిపే సైట్, పైసా కట్టక్కర్లేదు. రాష్ట్రం, కౌంటీ ఎంచుకుంటే ప్రశ్నలడుగుతూ పోయి చివర్లో నింపిన పీడీఎఫ్ చేతికిస్తుంది, దాన్ని ఏ అడ్రస్‌కి పంపాలో కూడా అదే చెప్తుంది.

జనం తడబడేది అడ్రస్ దగ్గర. ఓటింగ్ రెసిడెన్స్ అంటే మీరు అమెరికా వదిలి వచ్చేముందు చివరగా నివాసమున్న ఇల్లు, ఆ ఇల్లు అమ్మేసినా సరే, అద్దె ఇల్లయి ఇప్పుడు వేరేవాళ్ళుంటున్నా సరే, అదే రాయాలి, అంతేగానీ అక్కడున్న తమ్ముడి ఇల్లో ఫ్రెండ్ ఇల్లో రాయకూడదు. నాది టెక్సస్‌లో కాలిన్ కౌంటీ, అపార్ట్‌మెంట్ నంబర్ మర్చిపోయి పాత ట్యాక్స్ కాగితాలన్నీ తిరగేయాల్సి వచ్చింది. ఇక తిరిగి వెళ్ళే ఉద్దేశం ఉందా, ఖాయంగా చెప్పలేరా అని కూడా అడుగుతారు. ఖాయం కాదంటే కొన్ని రాష్ట్రాలు ప్రెసిడెంట్, సెనేట్, హౌస్ వరకే ఉన్న చిన్న బ్యాలెట్ పంపిస్తాయి. ఓటేస్తే ఆ రాష్ట్రం ట్యాక్స్ మీద పడుతుందేమోనని చాలామందికి భయం, ఫెడరల్ పదవులకి మాత్రమే ఓటేస్తే ఆ గొడవ ఉండదని చట్టంలోనే ఉంది. రాష్ట్ర, లోకల్ పదవులకి కూడా వేసేవాళ్ళు మాత్రం ఓసారి సీఏని అడగండి.

పేరు సంగతి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఆవిడకి ఇండియన్ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లో మా ఇంటిపేరు, డ్రైవింగ్ లైసెన్సులో రెండూ. అక్కడ ముందే ఓటరుగా ఉంటే ఆ లిస్టులో ఎలా ఉందో అచ్చు అలాగే రాయండి, పాత పేరుకి వేరే గడి ఉంటుంది. లైసెన్స్ నంబరో, సోషల్ సెక్యూరిటీలో చివరి నాలుగు అంకెలో అడుగుతారు. సంతకం కూడా అంతే, చాలా చోట్ల పాతదాంతో పోల్చి చూస్తారు, అక్కడ తెలుగులో పెట్టి ఉంటే ఇక్కడా తెలుగులోనే పెట్టండి. ప్రింట్ తీసి పెన్నుతో సంతకం పెట్టి, డేటు వేసి, మీ రాష్ట్రం ఒప్పుకుంటే స్కాన్ చేసి మెయిల్ కొట్టేయండి, లేకపోతే పోస్ట్.

బ్యాలెట్ ఎలా కావాలని అడిగినచోట ఈమెయిల్ అనే పెట్టండి, ఖాళీ బ్యాలెట్‌ని ఆన్‌లైన్‌లో ఇవ్వాల్సిన బాధ్యత అన్ని రాష్ట్రాల మీదా ఉంది. పర్సనల్ మెయిల్ ఐడీ ఇవ్వండి బాబూ. నేను ఆఫీసు ఐడీ ఇచ్చి, మధ్యలో ఉద్యోగం మారి, బ్యాలెట్ ఆ మూతపడ్డ ఇన్‌బాక్సులోకి పోతే అక్టోబర్ రెండో వారం దాకా ఎదురుచూస్తూ కూర్చున్నా. అప్పుడు కాపాడింది ఎఫ్‌డబ్ల్యూఏబీ, అంటే పేర్లు మనమే చేత్తో రాసుకునే అత్యవసర బ్యాలెట్, ఇది కూడా అదే సైట్‌లో ఉంటుంది. టైముకి అప్లై చేసినా బ్యాలెట్ రానివాళ్ళ కోసం ఇది. పంపాక అసలుది వస్తే దాన్నీ నింపి పంపేయొచ్చు, ఒక్కటే లెక్కపెడతారు.

ఎఫ్‌పీసీఏ ప్రతి సంవత్సరం జనవరిలో కొత్తగా పంపడం మంచిది, పోయినసారి పంపాం కదా అని ఊరుకుంటే అక్కడే దెబ్బ. టైముకి అడిగినవాళ్ళకి ఎన్నికకి 45 రోజుల ముందు బ్యాలెట్ పంపాలని 2009 చట్టం, అంటే 2026లో సెప్టెంబర్ 19కల్లా మెయిల్ రావాలి, రాకపోతే ముందు స్పామ్ చూసి తర్వాత కౌంటీకి రాయండి.

వచ్చాక జిరాక్స్ షాపుకి వెళ్తారు కదా, అక్కడ ఓ అనుమానం వస్తుంది, ఇక్కడ ఉండేది ఏ4, అక్కడిది లెటర్ సైజు. ఫర్వాలేదు, కాగితం సైజు, కవరు సైజు చూసి గానీ, నోటరీ లేదని గానీ తిప్పి కొట్టకూడదని అదే 2009 చట్టం చెప్తుంది. ఫిట్ టు పేజ్ పెట్టమనండి చాలు, మా షాపు తమ్ముడు అలా పెట్టకుండా ప్రింట్ కొడితే కింద వరసలో గడులు సగానికి తెగిపోయాయి. టెక్సస్ వాళ్ళు ఓపిగ్గా కూర్చోండి, ఓటేసి ఎన్నుకోవాల్సిన జడ్జీలే పేజీలకి పేజీలుంటారు, రైల్‌రోడ్ కమిషనర్ అని ఓ పదవి కూడా ఉంటుంది, పేరుకే రైలు, ఆయన చూసేది ఆయిల్, గ్యాస్. నింపిన బ్యాలెట్ లోపలి కవర్లో, సంతకం పెట్టిన డిక్లరేషన్‌తో కలిపి బయటి కవర్లో. కొన్ని రాష్ట్రాల్లో సాక్షి సంతకం కూడా అడుగుతారు, కాబట్టి సూచనల పేజీ చదవకుండా అంటించేయకండి.

తిరిగి పంపడమే రాష్ట్రానికో రకం. మసాచుసెట్స్ ఈమెయిల్ తీసుకుంటుంది, కాలిఫోర్నియా ఫ్యాక్స్ తీసుకుంటుంది, మా టెక్సస్‌కి ఇక్కడి నుంచి కాగితమే వెళ్ళాలి. ఖర్చు లేని దారి కాన్సులేట్. ఎఫ్‌వీఏపీ సైట్‌లో స్టాంపు అక్కర్లేని కవరు డిజైన్ ఉంటుంది, దాన్ని కవరు మీద ప్రింట్ చేసి అక్కడ ఇస్తే వాళ్ళ డాక్‌లో అమెరికా చేరి అక్కడి పోస్టులో పడుతుంది, కానీ నాలుగు వారాల దాకా పట్టొచ్చు, అందుకని సెప్టెంబర్ చివరికల్లా ఇచ్చేయండి, బ్యాలెట్లు ఏ టైములో తీసుకుంటారో ముందే చూసుకుని వెళ్ళండి. ఆలస్యమైతే కొరియరే గతి, రెండు మూడు వేలు వదులుకోవడానికి సిద్ధపడండి. పీఓ బాక్స్‌కి కొరియర్ వెళ్ళదు, కౌంటీ ఆఫీసు వీధి అడ్రస్ పట్టుకోండి.

అక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన పిల్లలు 18 నిండగానే ఇలాగే పేరు ఎక్కించుకోవచ్చు, పాపగా ఉన్నప్పుడు వదిలి వచ్చిన ఇల్లే వాళ్ళ అడ్రస్. అసలు అమెరికాలో ఎప్పుడూ ఉండని సిటిజన్ పిల్లలకి కూడా చాలా రాష్ట్రాలు తల్లిదండ్రుల అడ్రస్ మీద ఓటిస్తాయి. గ్రీన్‌కార్డు వాళ్ళు మాత్రం దీని జోలికే పోవద్దు, నేరం అవుతుంది, రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డొస్తుంది. వాళ్ళు ఇండియా సిటిజన్లే కాబట్టి అక్కడుంటూ ఇక్కడ ఓటరుగా పేరు ఎక్కించుకునే ఫారం 6ఏ పెట్టుకోవచ్చు, కాకపోతే ఓటుకి పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా ఇక్కడి బూత్‌కి రావాలి, పోస్టల్ బ్యాలెట్ లేదు.

పంపాక బ్యాలెట్ చేరిందో లేదో చూసుకోవడానికి కౌంటీ సైట్‌లోనో రాష్ట్రం సైట్‌లోనో పేజీ ఉంటుంది. నాది చేరినట్టు కనిపించడానికి పందొమ్మిది రోజులు పట్టింది, రోజూ పొద్దున్నే పాలప్యాకెట్ తీసుకుని లోపలికొస్తూ ఫోన్‌లో అదే చూసుకునేవాణ్ణి.