కవాసాకి జ్వరం ఐవీఐజీకి కూడా తగ్గకపోతే ఏం చేయాలి

పిల్లాడికి కవాసాకి అని తేలి ఐవీఐజీ (దానం చేసిన రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కించారా? ఆఖరి బాటిల్ అయిపోయిన టైమ్ వెంటనే కాగితం మీద రాసుకోండి, లెక్కంతా అక్కడి నుంచే. 36 గంటలు దాటినా జ్వరం ఉన్నా, తగ్గి మళ్లీ వచ్చినా మొదటి మందు సరిపోలేదని అర్థం. పది మందిలో ఒకరిద్దరికి ఇలా అవుతుంది.

కవాసాకి రక్తనాళాలు వాచే జబ్బు, గుండెకి రక్తం అందించే కరోనరీ నాళాలు ఉబ్బిపోతాయనేదే అసలు భయం, కాబట్టి ఇంకో రెండు రోజులు చూద్దామని దయచేసి డిశ్చార్జ్ అడగొద్దు. జ్వరం చూసిన ప్రతిసారీ టైమ్ వేసి రాయండి, పారాసిటమాల్ ఎప్పుడు ఇచ్చారో కూడా. ఐబుప్రోఫెన్ మాత్రం వద్దు, కవాసాకికి ఇచ్చే ఆస్పిరిన్ పనిని చెడగొడుతుంది. రక్తపరీక్షలో వాపుని చూపే ఈఎస్ఆర్ పెరిగిందని హడలిపోకండి, ఐవీఐజీ వల్లే అది పెరుగుతుంది, వాపుని చూపే ఇంకో పరీక్ష సీఆర్పీ ఎంతుందో అడగండి.

తర్వాతి మందు డాక్టరే తేల్చాలి. రెండోసారి ఐవీఐజీ, వాపుని అణిచే ఇంజెక్షన్ ఇన్‌ఫ్లిక్సిమాబ్, స్టెరాయిడ్, ఈ మూడింట్లో ఏది, ఎందుకు అని మొహమాటపడకుండా అడగండి. ఐవీఐజీ కేజీకి 2 గ్రాములు, అంటే 12 కేజీల పిల్లాడికి 24 గ్రాములు, 5 గ్రాముల బాటిళ్లయితే ఐదు. ఖరీదెక్కువ, కాబట్టి కొనేముందే ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని కలవండి. రెండో డోసు తర్వాత ఎర్ర రక్తకణాలు దెబ్బతినొచ్చు, ముఖ్యంగా ఏ, బీ, ఏబీ గ్రూపుల వాళ్లకి. పిల్లాడు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే నర్సుని పిలవండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్క డోసే, కేజీకి 10 మిల్లీగ్రాములు. 2021లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో రెండోసారి ఐవీఐజీ కంటే దీనితోనే జ్వరం త్వరగా తగ్గింది. కానీ ఈ మందుతో దాగున్న టీబీ తిరగబెట్టొచ్చు, మన దగ్గర టీబీ ఎక్కువ, ఇంట్లో ఎవరికైనా ఉంటే దాచకుండా చెప్పండి.

ఎకో (గుండె స్కాన్) పిల్లల గుండె డాక్టర్ చేతే చేయించండి. మీ ఆసుపత్రిలో లేకపోతే విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు పెద్దాసుపత్రిలో గానీ ఎవరి దగ్గరికి పంపిస్తారో అడగండి. రిపోర్టులో జెడ్ స్కోర్ (పిల్లాడి సైజుకి నాళం మామూలు కంటే ఎంత వెడల్పుగా ఉందో చెప్పే అంకె) ఉండాలి, 2.5 దాటితే నాళం ఉబ్బినట్టే. జ్వరం తగ్గాక కూడా ఎకోలు మానకూడదు.

ఇంటికొచ్చాక తక్కువ డోసు ఆస్పిరిన్ కనీసం ఆరు వారాలు వాడమంటారు. ఆ రోజుల్లో ఇంట్లో గానీ బడిలో గానీ ఎవరికైనా ఆటలమ్మ, ఫ్లూ వస్తే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు ఐవీఐజీ తర్వాత 11 నెలల వరకు ఆగాలి, ఆ తేదీ టీకా కార్డు మీదే రాయించుకోండి.