ఐస్ టీ చేదెక్కుతోందా, రుచి తేలడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

ఇంట్లో చేసిన ఐస్ టీ కుదరకపోవడానికి చాలాసార్లు ఒకటే కారణం: పాల టీ పెట్టే అలవాటుతోనే దాన్నీ పెట్టడం. మన వంటింట్లో ఉండే గుళికల టీ పొడి (సీటీసీ) పాలతో మరిగించుకుంటేనే బాగుంటుంది. అందులోని వగరును పాలలోని ప్రొటీన్లు పట్టేసుకుంటాయి. ఐస్ టీలో పాలు ఉండవు కాబట్టి ఆ వగరంతా నాలుకకే తగులుతుంది. మామిడి, పుదీనా, నన్నారి (సుగంధి వేళ్ల సిరప్) ఏది కలిపినా ముందు డికాషన్ సరిగ్గా ఉండాలి.

చేదుగా, వగరుగా ఉంటోంది

పొడిని మరిగించారు, లేదా ఎక్కువసేపు నాననిచ్చారు. టీ స్ట్రాంగ్‌గా కావాలంటే పొడి పెంచండి, సమయం పెంచకండి. అర లీటరు నీళ్లు మరిగాక స్టవ్ ఆపి, రెండు నిండు టీస్పూన్ల పొడి వేసి మూత పెట్టండి. మూడు నిమిషాలకు వడకట్టండి. పిప్పిని గరిటెతో నొక్కి పిండొద్దు.

ఆకు టీ దొరికితే ఇంకా మేలు. లీటరు చల్లటి ఫిల్టర్ నీళ్లలో 8-10 గ్రాముల ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చేదు దాదాపు దిగదు. ఎండ బాగా ఉంది కదా అని సీసాను డాబా మీద పెట్టి టీ దింపడం మాత్రం వద్దు. ఆ వేడికి నీళ్లు గోరువెచ్చన అవుతాయే తప్ప సూక్ష్మజీవులు చావవు, పైగా పెరుగుతాయి.

ఫ్రిజ్‌లో పెట్టాక మసకబారింది

పాడవలేదు. టీలోని కెఫీన్, వగరునిచ్చే పాలీఫెనాల్స్ చల్లదనానికి ఒకదానికొకటి అతుక్కుని అలా కనబడతాయి. కాసిన్ని వేడినీళ్లు కలిపితే మళ్లీ తేటగా అవుతుంది. ఇకపై గది వేడికి చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టండి. బోరు నీళ్లతో చేస్తే ఈ మసక ఇంకా ఎక్కువ, రుచి కూడా చప్పబడుతుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి.

ఐస్ వేయగానే నీళ్లలా అయిపోతోంది

కరిగే ఐస్‌ను లెక్కలోకి తీసుకుని డికాషన్ రెట్టింపు చిక్కగా పెట్టుకోవాలి. లేదంటే మిగిలిన టీనే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. పుచ్చకాయ రసాన్ని చిటికెడు ఉప్పుతో గడ్డకట్టించి వేసుకుంటే అది కరిగేకొద్దీ రుచి పెరుగుతుంది. పంచదార అడుగున మిగిలిపోతుంటే, డికాషన్ వేడిగా ఉన్నప్పుడే కలిపేయండి.

పచ్చి మామిడి వేస్తే పులుపే వస్తోంది, వాసన రావడం లేదు

వేసవిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఐస్ టీ ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. కాయను ఉడికించి గుజ్జు కలిపితే పచ్చి వాసన పోతుంది, టీ కూడా గంజిలా చిక్కబడుతుంది. ఉడికించకండి. చెక్కు తీసి సన్నగా తురిమి, కాయకు నాలుగు చెంచాల పంచదార కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. పంచదార లాగేసిన ఊట గిన్నె అడుగున లేత పసుపు రంగులో తేరుతుంది. మామిడి వాసనంతా అందులోనే ఉంటుంది. దాన్ని వడకట్టి, బాగా చల్లబడిన టీలో కలపండి. పైన కాస్త నల్ల ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర. నిమ్మరసం అక్కర్లేదు. మిగిలిన తురుము బెల్లం వేసి తీపి పచ్చడి చేసుకోవచ్చు.

నిమ్మ చేదెక్కింది, పుదీనా నల్లబడింది

నిమ్మ చక్రాలు టీలో గంటలకొద్దీ నానితే తొక్క కింది తెల్లటి పొర, గింజలు చేదు దింపుతాయి. రసం మాత్రమే, అదీ టీ చల్లారాకే పిండండి. రంగు తేలికైతే కంగారు పడొద్దు, పులుపు తగిలితే టీ రంగు అలాగే మారుతుంది. పుదీనాను మిక్సీలో వేస్తే పసరు వాసన వస్తుంది, వేడి టీలో వేస్తే నల్లబడుతుంది. అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి చల్లటి గ్లాసులో వేస్తే చాలు.

నన్నారి రుచి తెలియడం లేదు

చిక్కటి టీ దాన్ని మింగేస్తుంది. డికాషన్ సగానికి పలచన చేసి, పంచదార మానేసి, గ్లాసుకు రెండు చెంచాల సిరప్, కొంచెం నిమ్మరసం వేయండి. సబ్జా గింజలు వేసేవాళ్లు వాటిని విడిగా మామూలు నీళ్లలో పావుగంట నానబెట్టి చివర్లో కలపాలి. నేరుగా తీపి టీలో వేస్తే ఉండలు కడతాయి.

పిల్లలు అడుగుతున్నారు, కెఫీన్ అంటే భయం

గోంగూర జాతి మొక్క ఎర్రటి కాయల మీది రేకలే బజారులో హైబిస్కస్ టీగా అమ్మేవి. గుప్పెడు ఎండిన రేకలను వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బెల్లం కలిపి చల్లార్చండి. కెఫీన్ ఉండదు, మసకబారదు, పులుపు దానికదే ఉంటుంది.

ఏ రకమైనా ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. జిగురుగా తీగ సాగినా, పులిసిన వాసన వచ్చినా పారబోసి, సీసాను వేడినీళ్లతో కడగండి.