డాక్టరేట్ కోర్సులకు నమోదయ్యే ముందు జాగ్రత్తలు

కంప్యూటర్ సైన్సు పరిశోధక విద్యార్థి కోర్సులు ఎంచుకునే ముందు, తాను చేరిన సంవత్సరపు నిబంధనావళినే దగ్గర పెట్టుకోవాలి. సీనియర్ల వద్దనున్న ప్రతిలో నియమాలు వేరుగా ఉండవచ్చు. సిద్ధాంతం, సిస్టమ్స్, కృత్రిమ మేధ విభాగాల్లో ఏ కోర్సు దేని కింద లెక్కకు వస్తుందో, కనీస గ్రేడు ఎంతో, మాస్టర్స్‌లో సంపాదించిన క్రెడిట్లు బదిలీ అవుతాయో లేదో నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

చాలామంది తేలికగా తీసుకునేది ప్రోగ్రామింగ్ అర్హతను. పైథాన్‌కు అలవాటుపడిన చేతికి సీ భాషలో మెమరీని స్వయంగా కేటాయించి, స్వయంగా విడుదల చేయడం కొత్తగా ఉంటుంది. ఒక లింక్డ్ లిస్టు (ఒక్కో అంశం, అంటే నోడ్, తన తర్వాతి దాని చిరునామాను దాచుకునే జాబితా) రాసి, మధ్యలోని నోడ్‌ను తొలగించి, ఆ ప్రోగ్రామును మెమరీ తప్పులను పట్టిచ్చే వాల్‌గ్రైండ్ అనే సాధనం కింద నడిపి చూడండి. హీప్ బ్లాకులన్నీ, అంటే ప్రోగ్రాము నడుస్తుండగా కేటాయించుకున్న మెమరీ భాగాలన్నీ, విడుదలయ్యాయన్న సందేశం వచ్చేవరకు ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సు జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. తొందరపడితే సెమిస్టరంతా సెగ్మెంటేషన్ ఫాల్టులతోనే (తనది కాని మెమరీని తాకి ప్రోగ్రాము అర్ధంతరంగా ఆగిపోవడం) గడుస్తుంది.

ప్రాజెక్టు భారం ఎక్కువగా ఉన్న రెండు కోర్సులను ఒకే సెమిస్టరులో తీసుకోకూడదు. అర్హత పరీక్ష కూడా అప్పుడే ఉంటే మరీ కష్టం.

అసైన్‌మెంట్ల కోడ్‌ను కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో, ఇతరులకు కనిపించని ప్రైవేటు రిపాజిటరీలోనే ఉంచాలి. కోడ్ నకళ్లను పట్టేందుకు 1994లో రూపొందిన మాస్ వంటి సాధనాలు ప్రోగ్రాముల నిర్మాణాన్నే పోల్చి చూస్తాయి కనుక, వేరియబుల్ పేర్లు మార్చినంత మాత్రాన నకలు దాగదు.