ఇంట్లో తూటాలు రీలోడ్ చేసేటప్పుడు ప్రైమర్లతో జాగ్రత్తగా ఉండడం ఎలా?

రీలోడింగ్ (పేల్చేసిన తూటా ఖాళీ గొట్టంలో కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టడం) అనగానే అందరికీ పౌడర్ గురించే టెన్షన్. స్మోక్‌లెస్ పౌడర్‌ను ఆరుబయట అంటిస్తే బుస్సున కాలిపోతుంది. ప్రైమర్ అలా కాలదు, పేలుతుంది. దెబ్బ తగిలినా, నలిగినా, వేడెక్కినా, స్టాటిక్ కరెంటు రవ్వ పడినా పేలడమే దాని పని. చిన్న లోహపు గిన్నె, అందులో లెడ్ స్టిఫ్నేట్ కలిసిన మందు, దాని మీద కాళ్లున్న ఆన్విల్ అనే బుల్లి ముక్క, ఇంతే ప్రైమర్ అంటే. ఫైరింగ్ పిన్ కొట్టినప్పుడు గిన్నెకూ ఆన్విల్‌కూ మధ్య మందు నలిగి అంటుకుంటుంది. మీరు అడ్డదిడ్డంగా నొక్కినా జరిగేది అదే.

ఈ పనికి మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి. సామాన్ల సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రైమర్‌ను చేత్తో నొక్కి కూర్చోబెట్టే హ్యాండ్ ప్రైమింగ్ టూల్, మీ కేసుకు (తూటా లోహపు గొట్టానికి) సరిపోయి దాన్ని పట్టి ఉంచే షెల్ హోల్డర్, పాకెట్ (కేసు అడుగున ప్రైమర్ కూర్చునే గుంట) శుభ్రం చేసే బ్రష్, పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ కళ్లద్దాలు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ప్రైమర్ల పెట్టె మూత కూడా తీయొద్దు.

ప్రైమర్లు ఎప్పుడూ కంపెనీ పెట్టెలోనే ఉండాలి. ఆ ట్రేలో ఒక్కో ప్రైమర్‌కు ఒక్కో గది ఉన్నది అందానికి కాదు, ఒకటి పేలితే పక్కవి అంటుకోకుండా ఉండడానికి. చోటు కలిసొస్తుందని అన్నీ గాజు సీసాలో పోసి పెట్టేవాళ్లున్నారు. అలాంటి సీసా గుప్పెడు బాంబే. పనికి కావలసినన్ని బయటికి తీసి, మిగతా పెట్టె అక్కడి నుంచి తీసేయండి. బల్ల మీద ఒకే రకం ఉండాలి. స్మాల్ పిస్టల్, స్మాల్ రైఫిల్ ప్రైమర్లు రెండింటి వ్యాసమూ 0.175 అంగుళమే, కాబట్టి ఒకటి పట్టేచోట రెండోది చక్కగా పట్టేస్తుంది. కానీ పిస్టల్ ప్రైమర్ గిన్నె పలచన, రైఫిల్ ఒత్తిడికి అది నిలవకపోవచ్చు.

పాకెట్‌లోని మసి బ్రష్‌తో రెండు తిప్పులు తిప్పితే పోతుంది. కేసు తడిగా ఉంటే పూర్తిగా ఆరనివ్వండి.

ఇక అసలు పని, ప్రైమర్‌ను పాకెట్‌లో కూర్చోబెట్టడం. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడే జరుగుతాయి, అదీ తొందరపాటుతోనే. ముందు ట్రేలో ప్రైమర్లన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయా చూడండి. ఆన్విల్ కేసు లోపలి వైపుకు, నున్నటి గిన్నె అడుగు బయటికి ఉండాలి. కేసును షెల్ హోల్డర్‌లోకి చివరిదాకా తోసి, పిడిని నెమ్మదిగా నొక్కండి. మొదట కొద్దిగా పట్టు తెలుస్తుంది, తర్వాత ప్రైమర్ ఒకే తీరుగా జారుతుంది, చివర్లో కాళ్లు అడుగును తాకి మెత్తగా ఆగుతుంది. ఈ మూడూ చేతికి తెలియాలి. తెలియకపోతే మీరు వేగంగా చేస్తున్నట్టు.

మొదట్లోనే గట్టిగా అడ్డం తగిలిందా? ఆపండి. ఇంకాస్త బలం పెడితే పోతుందిలే అనుకోవద్దు. కేసు సరిగా కూర్చోకపోవచ్చు, ప్రైమర్ పక్కకు తిరిగి ఉండొచ్చు, లేదా అది మిలిటరీ కేసు కావొచ్చు. మిలిటరీ తూటాల్లో ప్రైమర్ ఊడకుండా పాకెట్ అంచును లోపలికి నొక్కేస్తారు, దాన్నే క్రింప్ అంటారు. ఆ అంచును స్వేజ్ చేసో (నొక్కి వెడల్పు చేసో), రీమర్‌తో (చెక్కే పనిముట్టుతో) తీసేసో గానీ కొత్త ప్రైమర్ జోలికి వెళ్లొద్దు. బలవంతంగా తోస్తే గిన్నె అంచు చెక్కుకుపోతుంది, అదృష్టం బాగోలేకపోతే చేతిలోనే పేలుతుంది.

కూర్చున్నాక వేలి కొసతో కేసు అడుగును తడమండి. ప్రైమర్ అంచుకంటే కొంచెం లోతుగా, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 3 నుంచి 5 దాకా దిగి ఉండాలి. వేలికి బొడిపెలా తగిలితే పైకి ఉన్నట్టే. అలాంటి తూటాను సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో పెడితే, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే భాగం) మూసుకునే విసురుకే, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉంది. పౌడర్ పోయకముందే ఇది పట్టుకోవాలి. ఖాళీ కేసయితే మళ్లీ నెమ్మదిగా నొక్కి సరిచేయొచ్చు. పౌడర్, బుల్లెట్ రెండూ ఎక్కించిన తూటాలో ప్రైమర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నొక్కకూడదు.

అందుకే ప్రెస్ (పొడుగు పిడితో నొక్కే రీలోడింగ్ యంత్రం) మీద ప్రైమింగ్ నాకు నచ్చదు. గంటకు వందలు చేయొచ్చంటారు, నిజమే. కానీ ప్రెస్ పిడి పొడుగు, బలం ఎక్కువ. దాని చివర పట్టుకున్న చేతికి కేసులో ఏం జరుగుతోందో తెలియదు. పైగా దానికి ప్రైమర్లు అందించే ట్యూబ్‌లో అవి ఒకదానిమీద ఒకటి నిలబడి ఉంటాయి, కింద ఒకటి పేలితే పైవన్నీ వరసగా అందుకుంటాయి. వాడే తీరతామంటే ట్యూబ్ చుట్టూ ఉక్కు కవచం ఉండాలి, లోపల పేరుకునే ప్రైమర్ దుమ్ము తరచూ తుడవాలి. ట్యూబ్‌లో ఇరుక్కుంటే కడ్డీతో పొడవద్దు. చేతి టూల్‌తో రెండు సాయంత్రాలు పట్టే పని రెండు సాయంత్రాలూ పట్టనివ్వండి, పోయేదేముంది?

కింద పడిన ప్రైమర్‌ను చేత్తో ఏరండి, వాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు. పక్కకు తిరిగి నలిగిన ప్రైమర్‌ను డీక్యాపింగ్ పిన్‌తో (పాత ప్రైమర్‌ను బయటికి తోసే పిన్) వెనక్కి కొట్టొద్దు. నీళ్లలోనో నూనెలోనో నానబెడితే చచ్చిపోతుందని నమ్మొద్దు, ఆరాక మళ్లీ పనిచేసినవి ఉన్నాయి. ఆ కేసును విడిగా పెట్టి, దాన్నెలా వదిలించుకోవాలో స్థానిక అగ్నిమాపక సిబ్బందిని అడగండి. పని అయ్యాక బల్లను తడిగుడ్డతో తుడిచి, ఏదైనా తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పాకెట్‌లోంచి వచ్చిన ఆ నల్లటి మసిలో సీసం ఉంటుంది.